తొమ్మిదిసార్లు చెప్పిన మనిషి

పదకొండో రోజు భోజనాలకు వెళితే వీధి మొదట్లోనే ఫ్లెక్సీ కనబడింది. నా నేస్తం ఫోటో, చుట్టూ పువ్వులు, కింద ఆవిడ పేరు మూరెడేసి అక్షరాల్లో. చప్పున తల తిప్పేసుకున్నాను. ఆటో అబ్బాయి ఆ పేరు పైకి చదివి మరీ "ఈవిడిల్లేనా మేడమ్?" అని అడిగాడు. "ఆఁ, ఇదే, ఆపు" అన్నాను గానీ పేరు మాత్రం అనలేదు.

మా విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకు చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ళకు చెప్పాలి. మా వైపు స్నేహం ఊరికే చెయ్యరు, కడతారు. ఇద్దరు ఆడవాళ్ళో, ఇద్దరు మగవాళ్ళో బొట్టు పెట్టుకుని, ఒక పండు చెరిసగం తిని నేస్తం కట్టుకున్నారంటే ఇక ఆ రెండిళ్ళూ చుట్టాలే. ఆ రోజునుంచి ఒకరి పేరు ఒకరు పలకకూడదు. ఎదురుగా ఉన్నా, చాటున మాట్లాడినా "నేస్తం" అనే అనాలి. అందుకే ఇందులో ఆవిడ పేరు ఉండదు. పేరు దాచి ఏదో గొప్పగా రాశాననిపించుకుందామని కాదు.

నేస్తరికానికి ఇంకా నియమాలున్నాయి. నేస్తం మీద ఇంకొకరికి చాడీ చెప్పకూడదు, ఆపదలో నేస్తాన్ని వదిలెయ్యకూడదు, అలాంటివి. వాటన్నిటిలోనూ పేరు పలక్కూడదన్న ఒక్కదాన్నే నేను నిష్ఠగా పాటించాను. అది తేలిక కదా.

శ్రీకాకుళంలో ఒక మేడమీద మా కంపెనీ ఆఫీసు. ఎవరికైనా ఊరూరా శాఖలుంటే, ఆ శాఖల కంప్యూటర్లు బయటివాళ్ళ చెవిన పడకుండా తమలో తాము మాట్లాడుకోడానికి ఇంటర్నెట్లోనే సొంత దారి వేసిపెట్టడం మా పని. దాన్ని వీపీఎన్ అంటారు. ప్రతి శాఖలోనూ ఒక రౌటరు ఉంటుంది. అది మా రౌటరుతో జత కట్టి, ఎటు పోతే ఏమొస్తుందో ఆ దారుల చిట్టా చెబుతుంది. ఆ జతకట్టడాన్ని సెషన్ అంటాం. రెండూ నిమిషానికోసారి "ఉన్నావా", "ఉన్నాను" అని పలకరించుకుంటూ ఉంటాయి. మూడు నిమిషాలు అవతలిది పలక్కపోతే ఇక అది లేనట్టే లెక్కగట్టి, అది చెప్పిన దారులన్నీ చెరిపేస్తాయి. ఈ సెషన్ల ఆరోగ్యం చూపించే పెద్ద తెర గోడకి ఉండేది. పచ్చగా ఉంటే బాగున్నట్టు, ఎర్రబడితే పోయినట్టు. ఎర్రబడినప్పుడు ఎవరో ఒకరు ఇంజనీరుకి చెప్పాలి. ఆ ఇంజనీరుని నేను. ఆ ఎవరో ఒకరు మా నేస్తం.

అప్పటికి ఆవిడకు యాభై దాటాయి. బస్సు కాంప్లెక్సు ఎదురుగా చాలా ఏళ్ళు ఎస్టీడీ బూతు నడిపిన మనిషి. సెల్‌ఫోన్లొచ్చి బూతు మూతబడింది. "తెర చూడ్డానికి డిగ్రీ ఎందుకమ్మా, కళ్ళుంటే చాలు" అని మా మేనేజరుగారే ఆవిడను చేర్చుకున్నారు. ఆ మాట అన్నందుకు ఆయన తరవాత చాలా బాధపడ్డారు. ఆవిడకు కళ్ళతోపాటు నోరు కూడా ఉందని ఇంటర్వ్యూలో ఆయనకు తెలిసే అవకాశం లేదు.

మొదటిరోజు వచ్చి కుర్చీ వద్దని ఎత్తు స్టూలు అడిగింది. బూతులో అలవాటట. స్టూలెక్కి తెరకేసి చాలాసేపు చూసింది.

"అన్నీ బాగున్నాయంతావా?"

"పచ్చగా ఉన్నాయి కదండీ" అన్నాను.

"పచ్చగున్నాయని నాకూ కనబడతన్నాది. బాగున్నాయా అని అడిగినాను."

నాకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి, పైన రెండు సర్టిఫికెట్లు పెట్టుకున్నదాన్ని. సెషన్ అంటే ఏమిటో, పలకరింపులేమిటో పాఠం చెప్పాను. శ్రద్ధగానే విని, మొదట అన్నమాట: "మూడుసార్లు పిలిసి ఊరుకుంటాయేటి? సిగ్గునేదా? మా బూతులోనైతే అవతలోళ్ళు ఎత్తేదాకా తిప్పీదాన్ని." తరవాత అన్నది మాత్రం నేను ఇప్పటికీ కొత్తగా చేరిన పిల్లలకు నా సొంతమాటలా చెబుతుంటాను.

"మా బూతుకాడికి ఒకాయన రోజూ వొచ్చి పెళ్ళానికి ఫోన్ సేసీవోడు. 'ఉన్నావా?' 'ఉన్నాను.' 'మరేటి?' 'మరేటినేదు.' పది నిమిషాలు అదే. లైను బెమ్మాండంగుండీది. ఆళ్ళ మజ్జిన ఒక్క మాట నడిసీది కాదు. నీ తెరమీద ఆ మొగుడూ పెళ్ళాల్లాటివి ఎన్నున్నాయో నీకు తెల్సా?"

తెలీదు. వెతికితే మూడు దొరికాయి. సెషన్ నిలబడే ఉంది, పలకరింపులు నడుస్తున్నాయి, తెర పచ్చగా ఉంది, అవతలనుంచి వచ్చిన దారులు మాత్రం సున్నా. చచ్చేంత సిగ్గేసింది. "అయితే వాళ్ళ మాటలన్నీ మీరు వినేవారా?" అని ఎదురడిగాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. ఆవిడ ఏమాత్రం తొణక్కుండా, "వినకపోతే లైను బాగుందో నేదో నాకెలా తెల్స్తాది?" అంది. ఆ లెక్కన ఊళ్ళో సగం సంసారాల గుట్టు ఆవిడ దగ్గరుండేది. అడక్కుండానే చెప్పేది కూడా. అబద్ధం ఎందుకు, నేను వినేదాన్ని.

ఆనాటినుంచి ఆవిడ రంగు చూడటం మానేసి ప్రతి సెషన్‌కీ రెండు అంకెలు చూసేది. ఎన్నాళ్ళనుంచి నిలబడి ఉంది, ఎన్ని దారులు వచ్చాయి. అవి చూశాక కూడా నమ్మేది కాదు. ఒక్కో శాఖకీ ఫోన్ చేసి, పమిట చెంగు మౌత్‌పీసుకి అడ్డంపెట్టి, వీధంతా వినబడేటట్టు "ఏటి కూర?" అని అడిగేది. ముప్పై చిల్లర శాఖలు. జవాబు ఎంత చురుగ్గా వచ్చిందన్నదాన్నిబట్టి అక్కడి పని ఎలా నడుస్తోందో చెప్పగలనని ఆవిడ నమ్మకం. కంప్యూటరు పనిచెయ్యకపోతే దానిముందు కూచున్న పిల్ల చిరాగ్గా ఉంటుంది, చిరాగ్గా ఉంటే కూర పేరు ముక్తసరిగా చెబుతుంది, ఇదీ సిద్ధాంతం. సగంసార్లు నిజమయ్యేది. టెక్కలి పిల్ల "కూరా గీరా ఏం లేదు" అని ఫోన్ పెట్టేసిందని ఒకసారి నన్ను ఎండలో బస్సెక్కించి అంతదూరం పంపింది. తీరా వెళితే రౌటరు నిక్షేపంలా ఉంది. ఆ పిల్ల ఆరోజు ఉపవాసం. తిరిగొచ్చి ఎగిరాను. "మరి నానూ అదే గదా సెప్పినాను, అక్కడేదో బాగునేదని. ఎందుకుపాసమో కనుక్కున్నావేటి?" అంది.

ఇదంతా పొడుగాటి పుస్తకంలో రాసుకునేది. శాఖ పేరు, ఆనాటి కూర, సెషన్ సంగతి, అన్నీ ఒకే వరసలో. కూరకీ సెషన్‌కీ మధ్య కామా కూడా ఉండేది కాదు.

ఆవిడకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట నిప్పున్నవైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా తీరంలో పాతకాలపు ఆడవాళ్ళు చాలామంది కాలుస్తారు. డాబామీదకు వెళ్ళి, గోడ చాటున కూచుని, నోరు మూసుకుని కాల్చి వచ్చేది. ఒక సోమవారం డాబామీదకు వెళ్ళకుండా సరాసరి రౌటర్లున్న గదిలోకి వెళ్ళి, స్టూలెక్కి, పైకప్పుకి బిగించిన పొగ అలారం మీదకు నోట్లో పొగ గుప్పున వదిలింది. మేడ మేడంతా కీచుమని మోత. మేనేజరుగారు చెప్పుల్లేకుండా మెట్లదాకా పరిగెత్తారు. కింది చీరల కొట్టువాళ్ళు రోడ్డుమీదకు వచ్చేశారు.

"ఏం చేస్తున్నారండీ మీరు!" అన్నారు మేనేజరుగారు రొప్పుతూ.

"మోగింది గదా బాబూ. మూడేళ్ళనుంచి మోగనేదు, బాగుండి మోగలేదో, పాడయ్యి మోగలేదో ఎవులికి తెల్సు? ఇంక నాకు నమ్మకం."

ప్రతినెలా ఒక సెషన్‌ని మనమే చేత్తో పడగొట్టి తెర ఎర్రబడుతుందో లేదో చూడాలన్నది ఆవిడ తరవాతి కోరిక. ఆయన చేతులెత్తి దణ్ణం పెట్టారు. అది ఒప్పుకోడం కాదు.

ఆయనకి ఆవిడమీద ఉన్న అసలు కంప్లయింటు వేరు. టికెట్టు పెట్టదు. ఏ లోపం కనబడినా కంప్యూటర్లో ఒక చీటీ రాసి పంపాలి, అది ఎవరి పేరున పడితే వాళ్ళు జవాబు చెప్పుకోవాలి, నెలాఖరుకి ఎవరిమీద ఎన్ని చీటీలు పడ్డాయో పై ఆఫీసు చూస్తుంది. ఆవిడకు ఆ పద్ధతే నచ్చేది కాదు. "ఎదురుగా కూకున్న మనిసికి సీటీ రాయడమేటి? పోలీసు టేసన్లోనైతే రాస్తారు." బతిమాలితే బయటివాళ్ళ మీద ఏదో ఒకటి, అదీ నాచేత టైపు చేయించి, పంపించేది. నామీద మాత్రం ఎప్పుడూ పెట్టలేదు. మేం నేస్తం కట్టుకున్నాక ఇక పెట్టే ప్రశ్నే లేదు.

రామతీర్థంలో కట్టుకున్నాం. శివరాత్రికి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఆవిడ పొందూరు ఖద్దరు చీర కట్టుకుంది. ఉన్న ఒకే ఒక మంచి చీర అది, తనిఖీవాళ్ళొచ్చినప్పుడూ దేవుడి దగ్గరకెళ్ళినప్పుడూ కట్టేది. సగం మెట్లెక్కి ఆయాసంతో కూలబడ్డాం. సంచిలోంచి ఒక జాకెట్టు ముక్క, కుంకుమ, ఒక అరటిపండు తీసింది.

"నువ్వూ నానూ నేస్తం కడదామే."

"మీకూ నాకూ ఇరవై ఏళ్ళ తేడా అండీ!"

"ఆ రౌటర్ల వయసు ఎవులైనా అడుగుతన్నారేటి? జతకి రెండేపులా ఒప్పుకోవాల. ఒక్కలే రాసుకుంటే ఎంత పిలిసినా అవతలిది పలకదు. నువ్వే గదా సెప్పినావు పాఠం."

నవ్వి ఒప్పుకున్నాను. పండు సగం తిన్నాను. "ఇంక మీరూ గీరూ అన్నావంటే మొట్టుతాను" అంది. మా అమ్మ తరవాత నన్ను అంత హక్కుగా తిట్టిన మనిషి ఇంకొకరు లేరు. ఇష్టంగానే పడ్డాను. అది నిజం. ఇకముందు చెప్పబోయేదాన్ని బట్టి మీరు నమ్మకపోవచ్చు.

మా ఖాతాదార్లలో ఒక కంటి ఆసుపత్రి ఉండేది. పెద్ద డాక్టర్లు పట్నంలో. ఊళ్ళల్లో చిన్న సెంటర్లు, ఒక్కోదాంట్లో ఒక నర్సమ్మాయి. రోగి కన్ను కెమెరాలో చూపిస్తే డాక్టరు అక్కడినుంచే చూసి ఏం చెయ్యాలో చెబుతారు. వాటిలో ఒకటి సముద్రం గట్టున, చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో. గట్టు సెంటరు అనేవాళ్ళం. దానికి రెండు దారులు వేశాం. మొదటిది కేబులు. అది తెగితే పని ఆగకుండా రెండోది సెల్ సిమ్ము మీద. మబ్బుపడితే చాలు, ఆ రెండోదాని సెషన్ పడుతూ లేస్తూ తెరమీద ఎరుపు మెరిపించేది. ఒక్కో ఎరుపూ నా లెక్కలో పడేది. పైనుంచి పెద్దలు చూడ్డానికి వస్తున్నారని తెలిసి, దాన్ని "మరమ్మతులో ఉంది" అనే ఖానాలో పడేశాను. అలా వేస్తే అది ఎర్రబడదు. బూడిదరంగులో గమ్మున పడుంటుంది. వారంలో తీసేద్దామనుకున్నాను. పెద్దలు వచ్చి, తెర చూసి, పచ్చగా ఉందని మెచ్చుకుని వెళ్ళారు. ఆ తరవాత దాన్ని తియ్యడానికి నాకు తీరికే దొరకలేదు. ఆ బూడిదరంగు చాటున ఆ సెషన్ ఒకరోజు పూర్తిగా చచ్చిపోయింది.

నేస్తం మర్నాడే పట్టుకుంది.

"నేస్తం, గట్టోళ్ళ రెండో దారి పలకటం నేదు."

"సరే నేస్తం, రేపు చూస్తా."

రెండోసారి టీ తాగుతూ చెప్పింది. మూడోసారి మెట్లమీద. నాలుగోసారి మా ఇంటికి రొయ్యల వేపుడు పట్టుకొచ్చి, గిన్నె ఇస్తూ చెప్పింది. అయిదోసారి కొంచెం గట్టిగా: "అది నీ కూతురైతే అలా గదిలో పెట్టి గొళ్ళెం పెడతావేటే?" ఆరు, ఏడు గుర్తులేవు. ఎనిమిదోసారి చెప్పినప్పుడు విసుక్కున్నాను. "కేబులు ఉంది కదా నేస్తం, ఎందుకలా పోరుతావు!" తొమ్మిదోసారి గుమ్మంలో నిలబడి, "తుఫాను సెబుతన్నారు రేడియోలో" అని ఒక్కమాట అని వెళ్ళిపోయింది. ప్రతిసారీ నేను "రేపు" అన్నాను. ఒక్కసారి చీటీ పెట్టి ఉంటే చచ్చినట్టు చేసేదాన్ని. పెట్టదు. నేస్తం మీద చీటీ ఎలా పెడుతుంది?

తుఫాను వచ్చింది. స్తంభాలు కూలి కేబులు తెగింది. రెండో దారి లేదు. గట్టు సెంటరు రెండురోజులు లోకంలో లేదు. ఆ రెండురోజుల్లోనే ఒక ముసలాయన, గాలికి ఎగిరిపోతున్న పడవ తాడు బిగిస్తుంటే కొక్కెం కంటికి తగిలి, సెంటరుకి వచ్చాడు. నర్సమ్మాయి కెమెరా పెట్టుకుని కూచుంది గానీ అవతల ఎవరూ లేరు. రోడ్డుకడ్డంగా చెట్లు. పట్నం చేరేసరికి మూడోరోజు. కన్ను ఉంది. చూపు మాత్రం మసకే మిగిలింది.

విచారణకి పై ఆఫీసునుంచి ఇద్దరొచ్చారు. ఇద్దరికీ తెలుగు రాదు. బూడిదరంగులో వారానికి మించి ఉన్నదాన్ని తెర చూసే మనిషి తెలియజెయ్యాలని మా రూల్సులో ఉంది. తెలియజేసిందా? టికెట్టు లేదు. మేనేజరుగారు ఆవిణ్ణి పిలిపించారు. పొందూరు చీరతో వచ్చి నిలబడింది.

"సెప్పినాను" అంది.

"ఎవరికి చెప్పారు?"

ఆవిడ నావైపు చూడలేదు. అదే నన్ను చంపేసింది. చూసి ఉంటే ఏమైనా అనేదాన్నేమో. "సెప్పవలసినోళ్ళకి సెప్పినాను. పుస్తకంలో ఉన్నాది" అని ఆ పొడుగాటి పుస్తకం బల్లమీద పెట్టింది.

వాళ్ళు పుస్తకాన్ని నావైపు జరిపి, ఏముందో చదవమన్నారు. తెరిచాను. 'గట్టు వంకాయ రెండో దారి పలకలేదు నేస్తానికి చెప్పాను.' కింద, 'గట్టు తోటకూర రెండో దారి పలకలేదు నేస్తానికి చెప్పాను.' అలా తొమ్మిది. ముసలాయన కన్ను, నా ఉద్యోగం, అన్నీ ఒక్కసారి కళ్ళముందు తిరిగాయి. చదివాను. "వంకాయ సార్. తోటకూర. ఎండుచేప. గోంగూర." తలెత్తి, "కూరల జాబితా సార్. ఫోన్ చేసి కూరలు అడగడం ఆవిడకు అలవాటు" అన్నాను. ఒక్క అబద్ధమూ ఆడలేదు, చూశారా. ఉన్నదాంట్లో సగం చదివాను, అంతే. ఆ పుస్తకంలో కూరలుంటాయని ముందే తెలిసిన మేనేజరుగారు అందులోకి తొంగైనా చూడకుండానే మొదట నవ్వారు. తరవాత మిగతావాళ్ళూ నవ్వారు.

ఆ సాయంత్రమే ఆవిణ్ణి తీసేశారు. కాగితంమీద "లోపాన్ని తెలియజేయనందున" అని రాసిచ్చారు. మెట్లమీద నాకోసం ఆగింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

"ఉజ్జోగం పోతే పోనాది. దానికి బాధ నేదు. నాను సెప్పలేదని రాసినారు సూడు, అది నా పీకకి పట్టింది. ఇన్నేళ్ళ బతుకులో నాను సెప్పని సంగతి ఒకటుందా? నాను సెప్పానని ఆ మేనేజరు బాబుకి సెప్పు నేస్తం. ఎప్పుడు సెప్పినా పర్నేదు."

"రేపు చెబుతా నేస్తం" అన్నాను.

నాలుగేళ్ళు గడిచాయి. ఈలోగా నేను చాలా పైకొచ్చాను. ఏ సెషన్‌నైనా వారంకంటే ఎక్కువ బూడిదరంగులో ఉంచితే దానంతటదే ఎర్రబడే ఏర్పాటు చేశాను. నెలకోసారి చేత్తో పడగొట్టి అలారం పరీక్షించే పద్ధతి పెట్టాను. రంగు చూడొద్దు, అంకెలు చూడండని పాఠాలు చెప్పాను. సెషన్ల ఆరోగ్యానికి నన్నే పెద్దని చేశారు. శాలువా కూడా కప్పారు. ఆ శాలువా ఇంట్లో ఎక్కడ పెట్టినా కంటికి కనబడుతూనే ఉంటుంది, ఏంచెయ్యను.

ఆవిడ నేస్తరికం తెంపలేదు. నెలకోసారి ఫోన్ చేసేది.

"నేస్తం, ఏటి కూర?"

"పప్పు."

"గట్టుకాడి ముసిలాయన్ని సూసొచ్చినాను. నీ తరపున గూడ నానే పళ్ళు ఇచ్చీసినాను." కాసేపు ఆగేది. "మరేటి?"

"మరేం లేదు నేస్తం."

ఆ "మరేటి" అన్నదానికి ఏం జవాబు చెప్పాలో నాకు ప్రతినెలా తెలుసు. ప్రతినెలా చెప్పలేదు. లైను మాత్రం ఎప్పుడూ తెగలేదు.

ఇదిగో, పదకొండో రోజు. చీర పట్టుకెళ్ళాను. నేస్తం పోతే నేస్తం చీర పెట్టాలి. ఆవిడ అప్ప, అదే అక్కగారు, నన్ను లోపలికి తీసుకెళ్ళి, ఇంటివాళ్ళ వరసలోనే విస్తరి వేయించింది. వడ్డిస్తూ పక్కన కూచుంది.

"మా సెల్లి మంచమ్మీద గూడ అదే మాట అమ్మా. నా నేస్తం ఆఫీసోళ్ళకి సెప్తాది, సెప్తాది అని. ఏటి సెప్పాలో మాకు తెల్దు. సెప్పినావేటమ్మా?"

నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. తల ఊపాను. ఎటు ఊపానో నాకే తెలీదు. ఆవిడ మాత్రం అవునని ఊపాననుకుని, "పోన్లే తల్లీ" అని కళ్ళు తుడుచుకుంది.

ఇవాళ పొద్దున్నే ఆఫీసుకి వచ్చి టికెట్టు తెరిచాను. లోపం: గట్టు సెంటరు రెండో దారి సెషన్ పలకడం లేదు. ఎవరికి తెలియజేశారు: నా పేరు కొట్టాను. ఎవరు తెలియజేశారు: ఆ ఖానా ఖాళీగా వదిలితే ముందుకు కదలదు. 'నేస్తం' అని కొట్టాను. అలాంటి పేరు ఉద్యోగుల జాబితాలో లేదంది. ఏళ్ళ తరబడి నోట రాని పేరు. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను. ఆ పేరూ జాబితాలో లేదు, సరిచూసుకోండి అంది. సరిచూశాను, సరిగ్గానే ఉంది అని నొక్కాను.

నిమిషంలో జవాబొచ్చింది. 'పరీక్షించబడినది. సెషన్ ఆరోగ్యంగా ఉంది. టికెట్టు మూసివేయబడినది.' ఆ పరీక్ష పెట్టించింది కూడా నేనే. రెండోది తెరిచాను, రెండోసారి చెప్పినదానికి. మూసేసింది. మూడోది. తొమ్మిదీ తెరిచాను. తొమ్మిదీ మూసేసింది.

కాసేపటికి మేనేజరుగారు ఫోన్ చేశారు. ఆయన ఇప్పుడు వైజాగులో చాలా పెద్ద హోదాలో ఉన్నారు, మా టికెట్ల నకళ్ళు ఆయనకి మెయిల్లో వెళతాయి.

"ఏమిటమ్మా ఇది, ఒకదాని వెనక ఒకటి తొమ్మిది మెయిళ్ళు? సిస్టమ్‌కేమైనా అయిందా?"

"ఆవిడ చెప్పింది సార్. తొమ్మిదిసార్లు చెప్పింది. నాకే చెప్పింది. పుస్తకంలో రాసి ఉంది, నేనే చదవలేదు."

తిడతారనుకున్నాను, ఉద్యోగం తీసేస్తానంటారనుకున్నాను.

"అయ్యయ్యో. అప్పుడే చెప్పాల్సిందమ్మా. నీ సంగతి తరవాత చూద్దాం గానీ, ముందు ఆవిడతో మాట్లాడాలి. పాపం, నవ్వాం కూడాను. నంబరుందా నీ దగ్గర? కలుపు, నేనే సారీ చెబుతాను."

"నంబరుంది సార్" అన్నాను. "నిన్న పదకొండో రోజు అయింది."

ఆయనకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. నాకు నాలుగేళ్ళు పట్టింది, ఆయన్ని అనడానికి లేదు.